మా ఆవిడ ఏరుకున్న అట్టలు

అట్టముక్కకి గుడ్డ అంటించి పైన తెల్లపూత పూస్తే దాని పేరు కాన్వాస్ బోర్డట, దానికో ప్లాస్టిక్ తొడుగట, అద్దాల బీరువాలో కొలువట, పిలకజుట్టు కొట్టువాడు దాన్ని పసిగుడ్డును ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి మా ఆవిడకి అందిస్తున్నాడు, వాడి మొహం మండ, ఇంత మనిషిని పక్కన నిలబడి ఉంటే నా వైపు చూడడేం, ఈ చుట్టుపక్కల సగం షట్టర్లకి పేర్లు రాసినవాణ్ణి నేను, రేకు మీద, గోడ మీద, లారీ వెనక తలుపు మీద, ఊగే నిచ్చెన ఎక్కి దారం పట్టకుండా గీత గీస్తే గీతే, ఏనాడూ గుడ్డలూ అట్టలూ అడిగింది లేదు, ఏ సైజు కావాలమ్మా అంటున్నాడు వాడు, ముతక నేతా సన్న నేతా అంటున్నాడు, ఈవిడేమో మధ్యరకం చూపించు బాబూ అని ఎంత నెమ్మదిగా, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ కొట్లోనే పెరిగినట్టు, ఒక అట్ట తీసుకుని ఒంటికన్ను మూసి అంచు వెంబడి చూస్తోంది, వంగిందేమోనని, మూలని బొటనవేలితో నొక్కుతోంది, గుడ్డ లేస్తుందేమోనని, పక్కన పెట్టేసింది, ఇంకోటి తీసింది, అదీ పక్కకే, కూరగాయల దగ్గర నేను ఏది సంచిలో పడేస్తే అదే నోరెత్తకుండా తెచ్చి వండే మనిషి.

ఫ్లెక్సీలొచ్చి నా కుంచెలు డబ్బాలో ఎండిపోయాక పట్టింది ఈవిడకీ పిచ్చి, పైవాటాలో ఉండే డ్రాయింగ్ మేడం ఆడవాళ్లకి బొమ్మలు నేర్పుతోందట, వెళ్లొస్తానండీ అంది, వెళ్లు అన్నాను, ముచ్చట తీరితే తనే మానుకుంటుందిలే అనుకున్నాను, మానలేదు, రంగులు కలిపేవాణ్ణి నేనొకణ్ణి ఇంట్లో ఉండగా, ఆకుపచ్చ మరీ కొట్టొచ్చినట్టుంటే ఏం చెయ్యాలో పైకెళ్లి మేడాన్ని అడిగొస్తుంది, సరే పోనీ అని నేనే ఓ మెట్టు దిగి ఆవిడ కొనుక్కొచ్చుకున్న అట్టలు చేతిలోకి తీసుకుంటే గోనెసంచిలా గరుకు, ఇదేం ఖర్మ, బోర్డన్నాక వేలు పెడితే వేలు జారాలి, ఒకదానికి లప్పం పట్టించి, గరుకు కాగితంతో రుద్ది రుద్ది, ఎనామిల్ తెలుపు వేసి అద్దంలా చేసిచ్చాను, మొహం చూసుకోవచ్చు అందులో, నునుపుగా ఉందండీ అంది, అంతే, పనివాడి చెయ్యి పడితే ఎవరికైనా మాట పడిపోతుందిలే అనుకున్నాను, దాని మీదే మా వెనక కిటికీ బొమ్మ వేసింది, తీగ మీద ఆరేసిన నా చొక్కాతో సహా, మేడం ఏదో హాల్లో పెట్టే ప్రదర్శనకి దాన్నీ తీసుకుంది, ఫ్రేము కట్టేవాడు అంచుకి అంటించిన టేపు లాగాడు, టేపుతో పాటు కిటికీ వచ్చేసింది, చొక్కా వచ్చేసింది, పాల మీద మీగడలా ఒక్క పొరగా లేచి వాడి చేతిలో వేలాడిందట, కింద నా ఎనామిల్ తెల్లగా పళ్లికిలించిందట, దీనికి ఎవరు పూశారమ్మా ఈ పెయింటు అని మేడం అడిగితే నేనే మేడం అందట ఈవిడ, కబురు మోసుకొచ్చింది నా కూతురు, నడుం మీద చేతులేసుకుని, ఏం నాన్నా, అమ్మ బొమ్మని కూడా కిరాణా కొట్టు బోర్డు చేసేశావా అని, నోర్ముయ్యవే అన్నాను, సాయం చెయ్యబోతే ఇదీ మర్యాద.

అందుకే పిలవకపోయినా వెంట వచ్చాను, ప్రదర్శన ఆదివారం, బొమ్మ మళ్లీ మొదట్నుంచీ వెయ్యాలి, ఈసారి నేనెంచిన అట్ట మీద వెయ్యాలి, అది నిలవాలి, ఆ మేడం, నా కూతురు, అందరూ చూడాలి, ఇంకేం అక్కర్లేదు నాకు, ఇదిగో ఇది తీసుకో అన్నాను, ఉన్నవాటిలోకెల్లా మందం, చేతికి బరువు తగులుతోంది, ఆవిడ తీసుకుని వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూసి, అది వద్దులెండి అంది, ఏమంది, వద్దులెండి అంది, పరాయివాడి ముందు, అది నూనెరంగుల కోసం పూత వేసింది సార్, అమ్మగారివి నీళ్లతో కలిపే యాక్రిలిక్ రంగులు, దాని మీద పట్టవు, అన్నాడు పిలకవాడు, నువ్వు చెప్పొచ్చావురా నాకు, నేను బోర్డులు రాసేనాటికి నీకు నిక్కరు కూడా లేదు అన్నాను, ఇప్పుడుంది కదా సార్ అన్నాడు వెధవ, కుంచెలు చూస్తున్న కళ్లజోడు పిల్ల కిసుక్కున నవ్వింది, నా గొంతు లేచింది, నేనేమన్నానో నాకే తెలీదు, మొన్నటిది కూడా నీకు చేతకాక రాలిపోయింది అన్నట్టున్నాను, ఆవిడ అట్టల మీంచి తలెత్తకుండానే, ఎనామిల్ మీద నీళ్లరంగు నిలవదని నాకు తెలీదాండీ, మన వంటింటి గోడ చూడలేదా, అంది.

వంటింటి గోడ, పెళ్లైన కొత్తలో నేనే ఎనామిల్ మీద డిస్టెంపరు వేశాను, పెచ్చులు కూరలో రాలుతుంటే మారు మాట్లాడకుండా గిన్నెలకి మూతలు వెతుక్కుంది, మరి తెలిసీ ఎందుకు వేశావే అన్నాను, నా గొంతేనా అది, మీరంత కష్టపడి చేసిచ్చారు, వద్దంటే ఊరుకుంటారా, కంచం విసిరికొడతారు, వేస్తే ఒక్క బొమ్మే కదా పోయేది, అంది, గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు, కొట్టువాడితో సైజు చెప్పినట్టే చెప్పింది, అంటే నేను బేరమాడి తెచ్చిన మంచం మా గది తలుపులో పట్టదని తెలిసే సరేనండీ అందా, మా తమ్ముడితో కలిసి షాపు పెడతానంటే వాడి సంగతి తెలిసే తలూపిందా, నా అడుగుల చప్పుడు వింటే చాలు మా ఆవిడ లేచి నిలబడుతుందని నలుగురిలో మీసం తిప్పినవాణ్ణే, ఆ లేచి నిలబడ్డప్పుడల్లా లోపల ఏం బేరీజు వేసుకుందో, ఇవాళ ఎంత పోతుంది, ఏది కాపాడుకోవచ్చు అని, ఏరుకున్న అట్టలు చంకన పెట్టుకుంది, పట్టుకోమని నాకివ్వలేదు, పదండి, వెలుతురుండగా మొదలుపెట్టాలి అని ముందు నడిచింది, వీధిలో జనం, ఆవిడ ఒక్కసారీ వెనక్కి చూడలేదు, నేను అరుస్తాననీ, కాసేపటికి చల్లబడతాననీ, ఆకలేస్తే ఇంటికే వస్తాననీ తెలిసే, నా కోపాన్ని వానని చూసినట్టు చూసి గొడుగు వేసుకుని నడుస్తూ వచ్చింది ఇన్నేళ్లూ, దీనికి నేనంటే ఏనాడూ భయం లేదు.