అద్దాల పూలజడ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బాన్సువాడ బస్టాండు ముందు పదిహేడేళ్లుగా పూలమ్ముతున్నాను, ఆ సంగతి తెలియనివాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. మూర తక్కువైందని ఎవరైనా నసిగితే నా చెయ్యి చాచి చూపిస్తాను. "దేవుడు నాకు గింతనే చెయ్యి ఇచ్చిండు, పోయి ఆయన్ను అడుగు" అంటాను. అయినా నా దగ్గరికే వస్తారు. పోచవ్వ కట్టిన పూలు పొద్దున తలలో పెట్టుకుంటే మాపటిదాకా ఒక్కటి రాలదు. ఆ పేరే నా ఆస్తి.

డెబ్భై ఎనిమిది ఎండాకాలంలో ఆ పేరు కాస్తా పోబోయింది. తప్పు నా నోటిదే.

బీర్కూర్ దారిలో, కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు కొనుక్కున్నవాళ్ల ఇళ్లున్నాయి. క్యాంపు అంటాం. అక్కడినుంచి ఒకామె వచ్చి కూతురి పెళ్లికి దండలు చెప్పింది. చెప్పి, పోతూ పోతూ, "పూలజడ కూడా కావాలండీ. ఈ ఊళ్లో ఎవరికీ రాదంటున్నారు. మీకు వచ్చా?" అని అడిగింది.

వచ్చా అని అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. పూలజడంటే జడకు పూలు చుట్టడమే కదా అనుకున్నాను.

"గదేం పెద్ద పని? నువ్వు ఫికర్ జెయ్యకు," అన్నాను.

పెళ్లికి ఒక్క రోజు ఉందనగా, పొద్దున్నే ఆమె అత్తగారు బస్సు దిగింది. చేతిసంచిలోంచి పాత ఫొటో ఒకటి తీసి, "మా ఆడపడుచు పెళ్లిదమ్మా ఇది. అచ్చం ఇలాగే ఉండాలి," అని నా చేతిలో పెట్టి బట్టల కొట్టుకు వెళ్లిపోయింది.

ఫొటోలో పెళ్లికూతురు నిలబడి ఉంది. వెనక పెద్ద నిలువుటద్దం. అందులో ఆమె జడ కనిపిస్తోంది. మెడ దగ్గర్నుంచి నడుము కిందిదాకా వెంట్రుకన్నది లేదు, అన్నీ మొగ్గలే, వరుస మీద వరుస. చుట్టింది కాదది, ముడేసి కట్టిందీ కాదు. ఇంకెవరో చేస్తారని చెబుదామంటే ఇంకెవరూ లేరు. నాకు రాదని చెబితే ఇన్నేళ్ల పరువు గంగలో కలిసినట్టే.

అప్పుడే పిట్లం బస్సులో దేవ్లి దిగింది. లంబాడీ తండా పిల్ల. ఇంటి వెనక చెలకలో మల్లెచెట్లు పెట్టుకుంది. మూడేళ్లుగా మొగ్గలు కోసి, తడిగుడ్డలో మూటగట్టి తెచ్చి, నాకు కొలిచిచ్చి పోతుంది. మా పూలమ్మేవాళ్ల వరుసలో తనూ కూర్చుని అమ్ముకుంటానని ఎన్నిసార్లు అడిగిందో. "పూలు కట్టుడు రాదు, కూసుండి ఈగలు తోల్తవా?" అని నేనే వెళ్లగొట్టేదాన్ని. దాని తండాలో ఆడవాళ్లకు పూలు పెట్టుకునే అలవాటే లేదు, ఇక కట్టడం ఎవరు నేర్పుతారు?

"ఏందవ్వ, గట్ల కూసున్నవ్? పానం మంచిగ లేదా?" అంది దేవ్లి.

తిట్టే ఓపిక కూడా లేక ఫొటో చేతికిచ్చాను. చాలాసేపు చూసింది.

"గిది కట్టుడు గాదవ్వ. కుట్టుడు."

నా చూపు దాని లంగా మీద పడింది. అంచు నిండా రంగు దారాలు, గవ్వలు, అద్దం బిళ్లలు. అంతా దాని చేతి కుట్టే. మూడేళ్లనుంచి రోజూ నా ఎదురుగా నిలబడితే నా గుడ్డి కళ్లకు కనిపించలేదు.

"నీకొస్తదా?" అన్నాను.

"జడ ఎన్నడు కుట్టలే. సూది వట్టుడు వస్తది," అంది. ఫొటో మీంచి కళ్లు తీయకుండానే, "కుట్టినంక నీ పక్కపొంటి కూసుంట," అంది.

"ముందుగాల కుట్టు, ఎన్కసిరి సూద్దాం," అన్నాను. పరువంతా దాని సూది మీద వేలాడుతున్నా బెట్టు మాత్రం వదల్లేదు.

మర్నాడు తెల్లవారగానే రెండు మూటల మొగ్గలతో వచ్చి మా ఇంటి అరుగు మీద కూర్చుంది. గుడ్డపేలిక పరుచుకుని, లంగా అంచు మీద కుట్టే పూలూ కోణాలే మొగ్గలతో కుట్టసాగింది. "పెద్దయి ఏరియ్యవ్వ. గది వంకరున్నది, వద్దు," అని నాకే పని చెప్పింది. మారు మాట్లాడకుండా ఏరిచ్చాను. మధ్యలో కనకాంబరాలు పెట్టింది. ఆ తర్వాత చిన్న సంచి విప్పి అద్దం బిళ్లలు తీసింది.

"అద్దాలెందుకే?"

"ఫొటువల అద్దం లేదా? గంత పెద్దది జడకు ఆగది. చిన్నయి వెడ్త."

ముసలామె అచ్చం ఇలాగే అంది కదా. సరేనన్నాను.

పెళ్లి ఆ సాయంత్రమే. మేం మధ్యాహ్నానికే క్యాంపు చేరాం. ముసలామె తడిగుడ్డ విప్పి జడ చూసి, "ఈ అద్దాలేంటమ్మా?" అంది.

"నీ ఫొటోల ఉన్నది గద," అన్నాను.

ఆమె జడ చూసింది, నన్ను చూసింది, ఇక నవ్వు ఆపుకోలేకపోయింది. "అది జడ కనపడాలని ఫొటోవాడు వెనకాల పెట్టిన అద్దం తల్లీ," అంది. గదిలో ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. దేవ్లి మొహం మాడిపోయింది. "ఇప్పుడే ఊడదీస్త," అంటూ సూది తీసింది.

పెళ్లికూతురు జడను లాక్కుంది. "తియ్యనివ్వను మామ్మా. నాకిలాగే కావాలి."

జడ పెట్టుకుని కిటికీ దగ్గర అటూ ఇటూ తిరిగింది. ఎండ తగిలి వెలుగుచుక్కలు గోడల మీద, అందరి మొహాల మీద పరుగెత్తాయి. పిల్లలు వాటిని పట్టుకోబోయి ఒకరి మీద ఒకరు పడ్డారు. ముసలామె నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "మా ఆడపడుచు జడ దీనిముందు ఎందుకూ పనికిరాదు. ఎవరు కుట్టారు?" అని అడిగింది.

అందరూ నన్నే చూశారు. అలవాటు కొద్దీ 'నేనే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గులేని నాలుక. దేవ్లి తలొంచుకుని దారం చుట్టుకుంటోంది.

"నాకు పూలజడంటేనే తెల్వదు. గొప్పకు పోయి ఒప్పుకున్న," అన్నాను. "గిది మా దేవ్లి కుట్టింది. రేపటిసంది నా పక్కనే కూసుంటది."

అన్నాక ప్రాణం హాయిగా అనిపించింది. తిరుగుబస్సులో దేవ్లి దారంతా నవ్వుతూనే ఉంది, నేనూ నవ్వాను.

ఆ వేసవి దాటకముందే అద్దాల జడ కావాలని బోధన్ నుంచి కూడా వచ్చారు. మొన్న ఒకామె బస్సు దిగి టీకొట్టు నర్సింలును దారి అడిగింది.

"దేవ్లి దుకాణమా? గా పక్కకు ఒకామె మొఖం ముడుసుకోని కూసుంటది సూడు, గాడనే," అన్నాడు.

అన్నేళ్లూ పోచవ్వ దుకాణం అన్న నోరే అది. నాకు ఒళ్లు మండాలి. మండలేదు. "మొఖం ముడుసుకున్నది ఎవ్వతిరా?" అని వాడిమీద అరిచి, వచ్చినామెకు జరిగి చోటిచ్చి, దేవ్లి కోసం పెద్ద మొగ్గలు ఏరడం మొదలుపెట్టాను.