పాదాల బాకీ

అసహ్యం పాపమా, కాదా? డెన్విల్ స్టర్గిల్‌ను ఈ సందేహం ఏళ్ళ తరబడి పట్టుకుని ఉంది. మరుగుదొడ్డి గుంట దగ్గర నిలబడి, ముక్కు కింద మెంథాల్ మందు రాసుకుని, చేతిరుమాలు ముఖానికి బిగించి కట్టుకునే ప్రతిసారీ అది లేచి కూర్చుంటుంది. ప్రభువు కుష్ఠురోగిని ముట్టుకున్నాడు. ముట్టుకునేటప్పుడు ఆయన కడుపులో తిప్పిందా, తిప్పలేదా? ఆ సంగతి ఎక్కడా రాసి లేదు. తిప్పకపోతే ఆయనకది సులువైన పనే. తిప్పినా ముట్టుకున్నాడంటే... డెన్విల్ ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతాడు. పాస్టరు గారిని అడుగుదామని చాలాసార్లు అనుకున్నాడు గాని, చర్చిలో సంఘపరిచారకుడిగా, డీకన్‌గా ఉన్నవాడు అడగదగిన ప్రశ్నలా తోచక మానేశాడు.

రుమాలు ముడి వేసుకుని, కొక్కెం కర్ర గుంటలోకి దించాడు. కొండల కాలిబాట మీద నడిచిపోయేవాళ్ళు గుంటలో వేయకూడనివన్నీ వేస్తారు. సేమ్యా పొట్లాలు, టిన్ను డబ్బాలు, ఉబ్బి తెల్లటి చేపల్లా తేలే తడి కాగితాలు, ఒకసారైతే పూర్తి జత లోదుస్తులు. గుంట పూడ్చేముందు ప్లాస్టిక్ అంతా బయటికి తీయాలని కాలిబాట సంఘం నియమం. ఒక్కొక్కటే కొక్కేనికి తగిలించి, కారుతూ ఉండగానే నల్ల సంచిలోకి జారవిడిచాడు. సంచి అడుగున అవి పడినప్పుడల్లా మెత్తటి చప్పుడు. ఈగలు అతని కళ్ళజోడు మీద వాలాయి. నాలుగోసారి కర్ర పైకి లాగినప్పుడు ఏదో తెగి వెనక్కి పడి, తుంపర అతని మోచేతి మీద చిందింది. డెన్విల్ కర్రను జాగ్రత్తగా చెట్టుకు ఆనించి, రోడోడెండ్రాన్ పొదల వెనక్కి వెళ్ళి, రుమాలు కిందికి లాగి, పొద్దున తాగిన కాఫీ అంతా కక్కుకున్నాడు. నోరు తుడుచుకుని తిరిగి వచ్చాడు.

బడిలో పారిశుద్ధ్యం పని చేసినన్నాళ్ళూ ఇంతే. పిల్లలు తరగతిలో వాంతి చేసుకుంటే గులాబీరంగు పొడి చల్లి, చీపురుతో ఎత్తి, ఆ వెంటనే సామాను గదిలో తలుపేసుకుని తనూ వాంతి చేసుకునేవాడు. ఉద్యోగం ముగించి పింఛనులోకి వచ్చాడు గాని ఆ వాసనకు మాత్రం అలవాటు పడలేదు. ఆ సంగతి భార్య ఓలీటాకు తప్ప ఎవరికీ తెలియదు.

"డెన్విల్ గారూ, మీరు లేకపోతే ఈ పని ఎవరు చేసేవాళ్ళండీ!" అంది జూడిత్, దుంగలకు సుద్దతో గుర్తులు వేస్తూ. ఆమె స్వచ్ఛందంగా వచ్చిన పనివాళ్ళ బృందానికి పెద్ద. పట్నంలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి కాబట్టి అందరూ టీచరమ్మ అంటారు. "మీకైతే అలవాటే కదా."

"అలవాటేనమ్మా టీచరమ్మా," అన్నాడు డెన్విల్.

అమెరికాలో జార్జియా నుంచి మెయిన్ దాకా కొండల మీదుగా పోయే ఆ కాలిబాటలో, వర్జీనియా భాగంలో, నడిచేవాళ్ళు రాత్రి తలదాచుకునే ఒక దుంగల బస అది. మూడు గోడలు, రేకు కప్పు, పడుకోవడానికి బల్లచెక్కల అరుగు. నాలుగో వైపు తెరిచే ఉంటుంది. అటవీ రోడ్డు పక్కనే ఉండడం వల్ల శనివారం వచ్చిందంటే ఊళ్ళోని తాగుబోతులు బీరు పెట్టెలు ట్రక్కుల్లో తెచ్చుకుని అక్కడే పండుగ చేసుకునేవాళ్ళు. పొయ్యి గుంట నిండా గాజు పెంకులు. గోడల మీద కత్తితో చెక్కిన బూతులు. మొన్న వేసవిలో ఎవరో అరుగు మీదే మలవిసర్జన చేసిపోయారు. దాంతో బసను విప్పి, మంచి దుంగలు ఏరి, బీరు పెట్టె మోసుకుని ఎవడూ ఎక్కలేని గట్టు మీద తిరిగి కట్టాలని తీర్మానించారు. నలుగురేసి మనుషులు ఇనుప పట్టకార్లతో దుంగను పట్టుకుని, లెక్కగా ఒకే అడుగు వేస్తూ పైకి మోస్తున్నారు.

హోబర్ట్ మాత్రం మొయ్యడం లేదు. అతను ఓలీటాకు అన్న, డెన్విల్‌కు బావ. మొద్దు మీద కూర్చుని, విప్పిన చెక్కల్లోంచి మేకులు పీకి, రాతి మీద సుత్తితో సరిచేసి, డబ్బాలో వేస్తున్నాడు. ఎడమ కాలు ముందుకు చాపుకుని ఉన్నాడు.

"ఏం బావా, గుంటలో నిధేమైనా దొరికిందా?"

"నీ మొహం దొరికింది."

"కడిగి తెచ్చావా మరి? నువ్వు కడగవుగా!" అని పగలబడి నవ్వాడు హోబర్ట్.

ఆ మాటకు అర్థం వాళ్ళిద్దరికీ తెలుసు, వాళ్ళ చర్చి మొత్తానికీ తెలుసు. ఆ చర్చిలో ఏటా వసంతంలో ఒక ఆదివారం, ప్రభువు శిష్యుల పాదాలు కడిగినట్టు, ఒకరి పాదాలు ఒకరు కడిగే ఆచారం ఉంది. ఒకరు తువ్వాలు నడుముకు చుట్టుకుని పక్కవాడి పాదాలు కడుగుతారు. తరవాత ఆ తువ్వాలు వాడు చుట్టుకుని, తన పాదాలు కడిగినవాడివి కడుగుతాడు. ఏనాటి మాటో, హోబర్ట్ మోకాళ్ళ మీద కూర్చుని డెన్విల్ పాదాలు శుభ్రంగా కడిగి, వేళ్ళ సందులు కూడా తుడిచాడు. డెన్విల్ వంతు వచ్చింది. హోబర్ట్ మేజోళ్ళు విప్పాడు. పొట్టేలు కొమ్ముల్లా ముదిరి వంకరపోయిన పసుపు గోళ్ళు, వేళ్ళ మధ్య తెల్లగా నానిన చర్మం, పుల్లటి వాసన. డెన్విల్ ముక్కు పట్టుకుని, రక్తం కారుతోందని చెప్పి బయటికి నడిచాడు. లోపల పాట ఆగలేదు. హోబర్ట్ తన మేజోళ్ళు తనే తొడుక్కున్నాడు.

అప్పట్నుంచి ఆ ఆదివారం డెన్విల్ అవతలి వరస బెంచీలో కూర్చుంటాడు. హోబర్ట్ ఏనాడూ నిష్ఠూరంగా ఒక్క మాట అనలేదు. పదిమందిలో నవ్వుతూ, "మా బావ నాకో జత పాదాలు బాకీ," అంటాడు. అందరూ నవ్వుతారు. డెన్విల్ కూడా నవ్వుతాడు.

ఇప్పుడు ఆ పాదాల్లో ఒకటి కుళ్ళుతోంది. షుగర్ జబ్బు. ఎడమ కాలి వేళ్ళు నల్లబడ్డాయి. గురువారం మడమ పైదాకా తీసేస్తామని డాక్టర్లు చెప్పారు.

"గురువారం దాటితే నీకు సగం మాఫీ," అన్నాడు హోబర్ట్ మేకు సరిచేస్తూ. "బేరం బాగుంది నీకు."

డెన్విల్ నల్ల సంచి మూతి బిగించి కట్టాడు. గురువారం ఆ కాలును ఆసుపత్రివాళ్ళు ఏ సంచిలో వేసి ఎక్కడికి తీసుకుపోతారో తెలియదు గాని, ఆ తరవాత కడుగుదామన్నా దొరకదు. పొద్దున ట్రక్కులో బావను ఎక్కించుకున్నప్పటి నుంచీ అతనికి అదే ఆలోచన. ఆ ఆలోచనతోపాటే కిటికీ అద్దం సగం దించుకుని నడిపాడు. వాసన అలా ఉంది.

అరుగు చెక్కలు గడ్డపారతో లేపేసరికి కింద మరో లోకం బయటపడింది. ఎలుకలు నిద్రసంచుల దూదినీ, టాయిలెట్ కాగితాన్నీ పోగేసి కట్టుకున్న గూళ్ళు, గట్టిపడిన మేజోళ్ళు, పాము విడిచిన కుబుసం, కొవ్వొత్తి మైనంలో అంటుకుపోయిన చెంచాలు, ఏదో చచ్చి ఎండిపోయిన తోలు. జూడిత్ ముఖం తిప్పుకుంది. డెన్విల్ పారతో అంతా సంచుల్లోకి ఎత్తాడు.

"చూడు బావా, మన ఘనకార్యం," అన్నాడు హోబర్ట్. "కుర్రతనంలో దుంగలు దూరం మొయ్యలేక రోడ్డు పక్కనే ఈ బస కట్టేశాం. మన నడుములు బాగున్నాయి, బస కంపు కొట్టింది."

"నువ్వే అన్నావు ఇక్కడ చాలని."

"నువ్వు అమ్మయ్య అన్నావు."

మధ్యాహ్నానికి కాలిబాట మీదనుంచి ఒక పొడుగాటి ఆడమనిషి దిగివచ్చింది. నెలల తరబడి నడిచేవాళ్ళు పెట్టుకునే ముద్దుపేర్లలో ఆమెది 'ఓట్స్' అట. మనిషికంటే ముందు చెమట వాసన వచ్చింది.

"పెద్దాయనా, టాయిలెట్ ఎటు?"

"పూడ్చేస్తున్నామమ్మా. కొత్తది పైన గట్టు మీద."

"గట్టు దాకా ఆగేలా లేను!" అంటూనే తలుపులో దూరింది. డెన్విల్ కొక్కెం కర్ర పట్టుకుని, పెళ్ళివారి కోసం ఎదురుచూస్తున్నవాడిలా బయట నిలబడ్డాడు. ఆమె తేలిగ్గా నవ్వుకుంటూ వచ్చి, "మీలాంటివాళ్ళు దేవుళ్ళు పెద్దాయనా. మీ వల్లే మేం నడుస్తున్నాం," అని అతని భుజం తట్టి పైకి పోయింది. లోపల, అతను పొద్దంతా శుభ్రం చేసిన గుంటలో, సరిగ్గా పైన, కొత్త తడి కాగితం.

హోబర్ట్ పొట్ట పట్టుకుని నవ్వాడు. డెన్విల్‌కు ఒళ్ళు మండింది. ఆ మంట ఆమె మీదో, నవ్వే బావ మీదో, తన మీదో తేల్చుకోలేకపోయాడు. కాగితాన్ని కొక్కేనికి తగిలించాడు.

ఓలీటా వేయించిన మాంసం ముక్కలు పెట్టి ఇచ్చిన రొట్టెలు హోబర్టే రెండూ తిన్నాడు. డెన్విల్ పక్కనే కూర్చున్నాడు గాని గాలి ఎటు వీస్తోందో చూసుకుని కూర్చున్నాడు. హోబర్ట్ అది గమనించాడు. గమనించి, తనే కాలు అటు జరుపుకున్నాడు. డెన్విల్‌కు ఆ రోజంతటిలో గుంటకంటే, ఎలుకల గూళ్ళకంటే, తను కూర్చున్న తీరు ఎక్కువ రోత పుట్టించింది.

పొద్దు వాలేవేళకు చివరి దుంగను నలుగురూ ఎత్తుకున్నారు. జూడిత్ వెనకాల పనిముట్లు పట్టుకుని నడిచింది. వాళ్ళ అడుగుల లెక్క చెట్లలోకి పోయి వినబడకుండా అయింది. మిగిలింది గడ్డి మొలవని నల్లటి నేల, పనికిరాని చెక్కలు కాలుతున్న మంట, దాని మీద కాఫీకి నీళ్ళు పెట్టిన కెటిలు.

"పోదాం బావా," అన్నాడు డెన్విల్.

"పోదాం గాని, వాపుకు నొప్పెట్టి ఇందాకే బూటు విప్పాను. ఇప్పుడు దూరడం లేదు." కట్టు కూడా జారి ఉంది. ఈగలు దాని మీదే ఉన్నాయి. హోబర్ట్ చేత్తో తోలుతున్నాడు గాని అవి మళ్ళీ వస్తున్నాయి.

 డెన్విల్ ట్రక్కు దగ్గరికి వెళ్ళి, కొత్త మరుగుదొడ్డిలో చెక్కపొట్టు పోయడానికి కొన్న బకెట్టు, సబ్బు, ఓలీటా రొట్టెలు చుట్టిన గుడ్డ, మార్చుకోవడానికి పెట్టుకున్న చొక్కా తెచ్చాడు. ఊట నుంచి నీళ్ళు ముంచి, కెటిల్లోని వేడినీళ్ళు కలిపాడు. గుడ్డను నడుముకు చుట్టుకున్నాడు.

హోబర్ట్ నవ్వబోయి, నవ్వలేదు. "తడపొద్దన్నారు డాక్టర్లు."

"గురువారం కోసేదానికి తడేమిటి, పొడేమిటి?"

"అదీ నిజమే."

చేతుల రబ్బరు తొడుగులు తీసేసి, సబ్బుతో కడుక్కుని, నీళ్ళ వేడి చూసి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కట్టు చివరి పొర చర్మంతో కలిసి ఊడివచ్చింది. వేళ్ళు నిప్పుల్లో కాల్చిన దుంపల్లా ఉన్నాయి. మడమను అరచేతిలో పట్టుకుంటే వేడిగా, బరువుగా, వేరే ప్రాణిలా ఉంది. నీళ్ళు పసుపయ్యాయి, ఆ మీదట ఎరుపయ్యాయి. డెన్విల్ ఊపిరి బిగబట్టాడు. ఎంతసేపు బిగబట్టగలడు? పీల్చుకోక తప్పలేదు. తల పక్కకు తిప్పి కక్కుకున్నాడు. కడుపులో ఏమీ లేదు, చేదు నీళ్ళే వచ్చాయి. పాదం మాత్రం చేతిలోంచి వదల్లేదు.

"ఇక్కడ ఎవరూ లేరులే," అన్నాడు హోబర్ట్ మెల్లగా. "ముక్కులోంచి రక్తమని చెప్పక్కర్లేదు."

"నోరు మూసుకో బావా."

వేళ్ళ సందుల్లో వేలు పెట్టి కడిగాడు. అసహ్యం తగ్గుతుందేమో, దేవుడు ఆ క్షణాన తీసేస్తాడేమో అని ఎదురుచూశాడు. తీయలేదు. మొదట ఎంత ఉందో చివరికీ అంతే ఉంది. గుడ్డతో అద్ది, శుభ్రమైన తన చొక్కా చింపి చుట్టాడు. నీళ్ళు మార్చుకొచ్చి, "రెండోది," అన్నాడు.

"అది బాగానే ఉందిగా."

"జత బాకీ అన్నావుగా."

హోబర్ట్ కుడి బూటు విప్పాడు. అదే కొమ్ము గోళ్ళు. కడుగుతుండగా హోబర్ట్ చెయ్యి వచ్చి డెన్విల్ టోపీ మీద ఆనింది, పడిపోకుండా పట్టుకున్నట్టు. చాలాసేపు అక్కడే ఉంది.

"చెల్లింది బావా," అన్నాడు హోబర్ట్.

డెన్విల్ అతణ్ణి చంకలో ఆనించుకుని ట్రక్కు దాకా నడిపించాడు. కొండ దిగేటప్పుడు కిటికీ అద్దం దించలేదు. దించితే బావకు చలి.

గురువారం కాలు తీశారు. శుక్రవారం తెల్లవారకముందే హోబర్ట్ గుండె ఆగిపోయింది. నర్సు ఓలీటాకు ఫోన్ చేసి చెప్పింది.

సమాధి చేసిన తరవాతి శనివారం డెన్విల్ ఒక్కడే వెళ్ళి, గుంటలో మట్టి నింపి తొక్కి, నల్లటి నేల మీద ఎండుటాకులు చల్లాడు. సంచి పట్టుకుని, వదిలేసినవి ఏమైనా ఉన్నాయేమోనని చుట్టూ చూశాడు. మొద్దు పక్కన హోబర్ట్ ఎడమ బూటు ఉంది. తాడు పూర్తిగా విప్పి, నాలుక బయటికి వేలాడుతూ, వారం నాటి వాననీళ్ళు అంచుదాకా నిండి, కాలువాపుకు సాగిపోయిన తోలు ఇంకా అలాగే ఉబ్బి ఉంది.