ఆముదం కట్టిన జడ

గుమ్మం ముందు చెప్పులు చూడగానే సంధ్యారాణికి నీరసం ముంచుకొచ్చింది. నాలుగైదు జతలున్నాయి. అంటే లోపల నాలుగైదు నోళ్ళున్నాయి, వాటికి టీ కావాలి. పొద్దుటినుంచి బట్టల షాపు కౌంటరు దగ్గర నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్నాయి. చెరుకు ట్రాక్టర్ల వెనకాల దుమ్ము మింగుకుంటూ నడిచొచ్చింది. కాసేపు గోడకి చేరబడదామంటే ఇంట్లో అమ్మవారు వెలసి కూర్చుంది.

అమ్మవారంటే మరెవరో కాదు, ఆమె అత్త అచ్చియ్యమ్మ.

ముందు గదిలో మంచం మీద, వీపుకి రెండు తలగడలు ఆనించుకుని అచ్చియ్యమ్మ కూర్చుని ఉంది. నడినెత్తిన జుట్టంతా ఒకదానిలో ఒకటి చిక్కుకుపోయి, కొబ్బరిపీచు ఉండలా గట్టిపడింది. దాని మీద పసుపు చల్లారు. చుట్టూ ఎవరో బంతిపూల దండ కూడా చుట్టారు. కింద చాప మీద వీధిలోని ఆడవాళ్ళు చేరారు. పక్కింటి సన్యాసమ్మ అందరికంటే ముందు కూర్చుని, గుడి తనదే అన్నట్టు చూస్తోంది.

“వచ్చేవేటమ్మా,” అంది సన్యాసమ్మ. “రావికమతం నుంచి మా ఆడపడుచొచ్చింది, అమ్మోరి జడలు సూస్తానని. కాసింత టీ ఎట్టు.”

సంధ్యారాణి వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టింది. అది అమ్మవారు కాదనీ, ఆముదమనీ తనొక్కదానికే తెలుసని ఆమె అనుకుంటోంది. ఆ సంగతి మనసులో పెట్టుకుని తిరగడం కంటే బియ్యం బస్తా మొయ్యడం నయమనిపిస్తోంది.

వానాకాలం చివర్లో అచ్చియ్యమ్మ కుళాయి దగ్గర జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషనయింది. ఎముక అతుక్కుంది గానీ, మనిషి కూడా మంచానికి అతుక్కుపోయింది. లేచి కూర్చోమంటే నొప్పి, నడవమంటే భయం. కొడుకు గౌరీశంకర్‌కి పరవాడలో మందుల కంపెనీలో ఉద్యోగం, అక్కడే గది తీసుకున్నాడు. ఆదివారం వస్తాడు, తల్లి మంచం పక్కన కూర్చుని ఫోను చూసుకుంటాడు, సాయంత్రానికి వెళ్ళిపోతాడు. మిగతా వారమంతా మంచం కింది కుండా, పక్కబట్టలూ, మాత్రలూ, వంటా, షాపూ అన్నీ సంధ్యారాణి నెత్తి మీదే.

అచ్చియ్యమ్మ జుట్టుకి ఒకప్పుడు వీధిలో పేరుండేది. అరవై దాటినా ముడి వేస్తే పిడికిలి నిండేది. రోజూ కొబ్బరినూనె అరచేతిలో పోసుకుని తనే రాసుకునేది, తనే దువ్వుకునేది, కోడల్ని దువ్వెన కూడా ముట్టుకోనిచ్చేది కాదు. మంచం పట్టాక చెయ్యి తల దాకా లేవలేదు. జుట్టు తలగడకి రాసుకుని రాలడం మొదలైంది. ఇక సలహాలు చూడాలి. జుట్టుకి నూనె చెప్పమంటే చోడవరంలో వైద్యం తెలియనివాళ్ళు లేరు. గుంటగలగరాకు కాచి రాయమని ఒకరు, మందారాకు నూరి పెట్టమని ఒకరు. షాపులో తోటి అమ్మాయి ఫోన్లో వీడియో చూపించి ఉల్లిపాయ నూనె అంది. సన్యాసమ్మ మాత్రం చెవిలో ఇల్లు కట్టుకుని, “ఆవదం రాయమ్మా, రాలిన కాడే మొలుస్తాది,” అని పోరింది. ఆ పోరు పడలేక సంధ్యారాణి గానుగకి వెళ్ళి చిక్కటి ఆముదం సీసా తెచ్చింది.

ఆముదాన్ని ఉన్నదున్నట్టు పులమకూడదు. కొబ్బరినూనెలోనో నువ్వుల నూనెలోనో కలిపి, పల్చబరిచి, వేలి కొసలతో కుదుళ్ళకి అద్దాలి. ఆ మాట సంధ్యారాణికి తెలియనిది కాదు, చిన్నప్పుడు వాళ్ళమ్మ అలాగే రాసేది. కానీ ఆ పొద్దున షాపుకి టైమైపోతోంది. కలిపే తీరిక లేక సగం సీసా నెత్తి మీద కుమ్మరించి, రెండు చేతులతో గుండ్రంగా, మోటుగా రుద్దేసింది. పడుకున్న మనిషికి అలాగే కుంకుడు రసం పోసి, మళ్ళీ రుద్ది, నీళ్ళు పోసి, దువ్వకుండా జుట్టంతా పైకి చుట్టి తువ్వాలు కట్టి పరిగెత్తింది. సాయంత్రం తువ్వాలు విప్పేసరికి అది జుట్టు కాదు, ముద్ద. వేలు దూరలేదు.

ఆమె దువ్వెన కోసం వెతుకుతూండగానే సన్యాసమ్మ కూరగిన్నెతో వచ్చింది. చూసింది. గిన్నె కింద పెట్టి రెండు చేతులూ జోడించింది.

“అమ్మోరు జడలేసింది,” అంది.

అప్పుడే నోరు తెరిచి ఉంటే సరిపోయేది. కానీ పొద్దస్తమానం నిలబడి వచ్చిన మనిషికి నిజం చెప్పడానిక్కూడా ఓపిక కావాలి. రేపు చెబుదాంలే అనుకుంది. తెల్లారేసరికి వీధి వీధంతా వచ్చేసింది.

వచ్చినవాళ్ళ కోసం అచ్చియ్యమ్మ లేచి కూర్చుంది. ఫిజియోథెరపీ అబ్బాయి బతిమాలినా కదలని మనిషి, తలగడలు పెట్టించుకుని, కొంగు సర్దుకుని, ఎవరి పిల్లకి పెళ్ళి కుదిరిందో, ఎవరి గేదె ఈనిందో అడగడం మొదలుపెట్టింది. ఆదివారం వచ్చిన గౌరీశంకర్‌కి సంధ్యారాణి సంగతి చెప్పబోతే, “అమ్మ హుషారుగా ఉంది కదేటి, ఒగ్గెయ్, నువ్వెందుకు కెలుకుతావు?” అన్నాడు. ఒగ్గెయ్యడం ఒకటీ అతనికి బాగా వచ్చు.

ఆవేళ టీ తాగి రావికమతం చుట్టాలు వెళ్ళాక, సంధ్యారాణి తడిగుడ్డతో అత్త మెడ తుడుస్తూంటే వాసన తగిలింది. ముద్ద అంచు మెల్లగా ఎత్తి చూసింది. బరువుకి లాగి లాగి చర్మం ఎర్రగా చిట్లింది, రసి కారుతోంది. మర్నాడు ఆపరేషనయ్యాక ఇంటికొచ్చి చూసివెళ్ళే నర్సమ్మ వచ్చి చూసి మొహం చిట్లించింది.

“కత్తిరించియ్యండి. లేకపోతే చీము పట్టేస్తాది. శనివారం నేనొచ్చేసరికి ఇది తల మీద ఉండకూడదు.”

అది విని అచ్చియ్యమ్మ గోడవైపు తిరిగి ఏడ్చింది. ఎముక విరిగినప్పుడు కూడా అంత ఏడవలేదు. “నన్ను గుండుదాన్ని సెయ్యకండి,” అని ఒకటే మాట. ఉన్న జుట్టంతా ఆ ముద్దలోనే ఉంది మరి. కత్తిరిస్తే నెత్తి బోడి, ఉంచితే పుండు. పైగా అమ్మవారి జడ కోస్తే ఇంటికి కీడని సన్యాసమ్మ అప్పుడే వీధిలో హెచ్చరించేసింది.

శుక్రవారం పొద్దున సంధ్యారాణి షాపుకి ఒక పూట సెలవడిగింది. కొయ్యకుండా చిక్కు తీద్దామని నూనెలన్నీ ముందేసుకుని చూసింది. కొబ్బరినూనె చలికి గడ్డకట్టింది. కరిగించినా ఈ ముద్ద మీద మళ్ళీ పేరుకుంటుంది. ఆముదం సీసా చూస్తేనే ఒళ్ళు మండింది, దాన్ని తీసి అటక మీద పడేసింది. నువ్వుల నూనె చలికి పేరుకోదు, పల్చగా జారుతుంది. గిన్నెలో పోసి, ఆ గిన్నెని వేణ్ణీళ్ళలో పెట్టి గోరువెచ్చగా చేసింది. వీధి తలుపు గడియ పెట్టి, మంచమెక్కి అత్త వెనకాల కూర్చుంది. పుండుకి తగలకుండా, ముద్ద కొసల నుంచి మొదలుపెట్టి వేళ్ళతో నూనె పట్టించసాగింది.

“అత్తా, ఒక మాట సెప్తాను, తిట్టకు,” అంది. “ఇది అమ్మోరు కాదు. నాను రాసిన ఆవదం. కలపకండా పులిమేసేను, దువ్వకండా సుట్టేసేను. తప్పు నాది.”

“నాకు తెల్దేటే,” అంది అచ్చియ్యమ్మ.

సంధ్యారాణి చేతులు ఆగిపోయాయి. “తెలుసా?”

“నా తల కాదేటి? నువ్వు గుడ్డలుతికినట్టు రుద్దతన్నప్పుడే అనుకున్నాను, ఇది ముద్ద కట్టేస్తాదని.”

“మరి సెప్పలేదేటి?”

“సెప్తే ఆపేద్దువు,” అంది ముసలామె. “మంచాన పడ్డాక నా తల మీద సెయ్యేసినోలు లేరు. ఆయేల నువ్వేసేవు. మోటుగానే ఏసేవనుకో. అయినా ఆపమన్లేకపోయేను.”

ముద్దలో ఒక పోగు దొరికితే సంధ్యారాణి దబ్బనంతో మెల్లగా లాగుతూ కూర్చుంది.

“తరవాత జనం రాడం మొదలెట్టేరు,” అంది అచ్చియ్యమ్మ. “పడిపోయినప్పుడు ఒకసారొచ్చి సూసెల్లిపోయినోలే, జడకోసం మళ్ళా మళ్ళా వచ్చేరు. ఇది కాస్తా తీసేస్తే రేపట్నుంచి ఎవలొస్తారు?”

“నాను లేనేటి?” సంధ్యారాణి గొంతు కీచుమంది. “నీ కుండ ఎవలెత్తుతన్నారు? నీకు నీలెవలు పోస్తన్నారు? నాకూ ఓపిక లేదత్తా. ఒళ్ళు హూనమైపోతంది. నిలబడే నిద్రపోతన్నాను షాపులో.”

“ఉన్నావు. నాను లేవన్నానేటి. కుండకాడికొస్తావు, మాత్రకాడికొస్తావు. నాకాడికి రావు.”

అందులో నిష్ఠూరం లేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. సంధ్యారాణికి ముందు కోపం వచ్చింది. ఇంత చేస్తే ఇదా మాట అనుకుంది. ఆ వెంటనే అది నిజమేనని తెలిసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నూనె చేతులతో తుడుచుకోవడానికి కూడా లేదు. భుజానికేసి రుద్దుకుని మళ్ళీ పనిలో పడింది.

తలుపు చప్పుడైంది. “ఏటమ్మా, గడియెట్టీసేరు? అమ్మోరికి నిమ్మకాయలు తెచ్చేను,” అని బయటినుంచి సన్యాసమ్మ.

సంధ్యారాణి అత్తవైపు చూసింది.

“అమ్మోరెల్లిపోయిందప్పా,” అని అచ్చియ్యమ్మే గట్టిగా కేకేసింది. “నిమ్మకాయలు పులిహోరలో పిండుకో. నాను తలకి నూనె రాయించుకుంతన్నాను.”

బయట చెప్పుల చప్పుడు వీధిలోకి వెళ్ళిపోయింది. అచ్చియ్యమ్మ ఆ చప్పుడు వినపడినంతసేపూ వింది.

మొదటి పాయ విడివడడానికి గంట పైనే పట్టింది. సంధ్యారాణి దాన్ని నూనెతో నిమిరి, దువ్వి, అత్త భుజం మీంచి ముందుకు వేసింది. అచ్చియ్యమ్మ దాన్ని వేళ్ళతో తడుముకుంది. బతికిన జుట్టు మూడొంతులు నెరిసి పల్చగా ఉంది, అయినా జుట్టే. ఈ లెక్కన కత్తెర అక్కర్లేదు, సాయంత్రానికి సగమైనా వస్తుంది, మిగతాది రేపు పొద్దున్నే పూర్తి చేస్తే నర్సమ్మ వచ్చేసరికి పుండుకి గాలి తగులుతుంది. సంధ్యారాణికి చాలా రోజుల తర్వాత ప్రాణం తెరిపినపడింది.

గోడ గడియారం వైపు చూసింది. పూట దాటిపోవస్తోంది. షాపుకి ఫోను చేసి ఈరోజుకి రానని చెప్పాలి. ఈలోగా ఇంకో పాయైనా తేల్చేద్దామని ఆమె వేళ్ళు వాటంతటవే తొందరపడ్డాయి, దబ్బనం చురుగ్గా కదిలింది. ఆ తేడా అచ్చియ్యమ్మ తలకి తెలిసింది.

“ఒసే గుంటా,” అంది, వెనక్కి తిరక్కుండానే. “అంతా తీసెయ్యి. కాకపోతే, బేగి తియ్యకే.”