ఇద్దరి చేతిలో ఒకే తస్బీ

ఇర్బిద్ ఊళ్లో కిడ్నీ రోగులను డయాలసిస్‌కి ఉచితంగా తీసుకెళ్లే వ్యాన్లు ఆరున్నాయి. ఏ వ్యాను ఎవరెవర్ని ఎక్కించుకోవాలో చెప్పే ప్రోగ్రాం రుబాది. మూడు ఆస్పత్రులు, మూడు రకాల జాబితాలు. ఒకటి ఒకే వరసలో ఉంటుంది, ఒకటి పేటల వారీగా కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది, మొన్న చేరిన కొత్త ఆస్పత్రిది పేజీలు పేజీలుగా వస్తుంది. ఆ తేడాలు ప్రోగ్రాంకి అక్కర్లేదు. "ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే తర్వాతి మనిషిని పంపు." అది అడిగేది ఇంతే. వీటికి జవాబు చెప్తానని ఒప్పుకున్న ఏ జాబితానైనా మొదటినుంచి చివరిదాకా చుట్టేస్తుంది. ఆ ఒప్పందాన్నే ప్రోగ్రాంలు రాసేవాళ్లు ఇంటర్‌ఫేస్ అంటారు. రుబాకి అదంటే ప్రాణం.

అంత ప్రాణం పెట్టుకున్నదే నిన్న పరువు తీసింది. కొత్త ఆస్పత్రి తొమ్మిదిమందిలో ముగ్గురికే వ్యాను వెళ్లింది. మిగిలిన ఆరుగురిలో ఐదుగురు చుట్టాల కార్లలో ఎలాగో చేరారు. హజ్ చేసొచ్చిన ముసలావిడ విసాల్ హజ్జాకి ఎవరున్నారు పాపం! మూడు గంటలు ఇంటి మెట్ల మీద కూర్చుని, డయాలసిస్ తప్పిపోయి, వాచిన కాళ్లతో ఇంట్లోకి వెళ్లింది.

"తీసి అవతల పారెయ్ అమ్మాయ్," అన్నాడు పొద్దున్నే అబూ ఘస్సాన్. డ్రైవర్లందరికీ పెద్ద ఆయన. "ఇరవై ఏళ్లు టాక్సీ తోలినవాణ్ణి. నా నోట్‌బుక్కు చాలు నాకు."

"మీ నోట్‌బుక్కులో వారానికొకరు జారిపోయేవారు బాబాయ్. మర్చిపోయారా?"

"నీ మిషను ఒక్కరోజే ఆరుగుర్ని జార్చింది కదమ్మా!"

రుబా మొహం ఎర్రబడింది.

"హజ్జాకి నిన్న తప్పింది ఇవాళ చేస్తారట. వ్యాన్లు ఒంటిగంటకి కదుల్తాయి. అప్పటికి హజ్జా పేరు దానంతటదే వచ్చిందా సరే. లేదా, ఇవాళ్టితో దానికో దణ్ణం."

"వస్తుంది," అంది రుబా. ఎలా వస్తుందో ఆమెకీ తెలీదు.

పదకొండయింది. కొత్త జాబితాను ఒక్కసారి తిప్పి చూస్తే తొమ్మిది పేర్లూ బుద్ధిగా వస్తున్నాయి. ఒకే వీధివాళ్లను ఒక వ్యాన్లో కలపమంటే మాత్రం, మొదటి మనిషికి వాళ్ల వీధివాళ్లిద్దర్నీ చూపించి నోరు మూసుకుంటోంది. ఎంత కోపమొచ్చిందంటే కీబోర్డు విసిరికొట్టాలనిపించింది. కొట్టలేదు. మళ్లీ మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టింది.

అబూ ఘస్సాన్ పక్కనే నిలబడి, జపమాలలా పూసలు లెక్కపెట్టుకునే తస్బీ తిప్పుతున్నాడు. ఫోన్ మోగింది. "పదిహేడో పూస దగ్గరున్నా, వేలు తియ్యకు," అని తస్బీ ఆమె చేతిలో పెట్టి బయటికెళ్లాడు. రుబా కళ్లు తెర మీదే ఉన్నాయి. వేళ్లు వాటిపాటికవి పూసలు తోసుకుంటూ పోయాయి.

"అయ్యయ్యో! చివరిదాకా తోసేశావేంటి?" తిరిగొచ్చి గగ్గోలు పెట్టాడాయన. "నేనెక్కడున్నానో ఇప్పుడెవరు చెప్తారు? నా లెక్కంతా తగలేశావు!"

రుబా గబుక్కున లేచి నిలబడింది. "బాబాయ్, అదే! అదే జరిగింది!"

"ఏం జరిగింది? నా లెక్క పోయింది."

"పూసలు ఒకటే అయినా, తిప్పే ఇద్దరికీ ఎవరి గుర్తు వాళ్లకుండాలి. నేను ఒక్క గుర్తే పెట్టాను!"

మొదటి మనిషిని పట్టుకుని ప్రోగ్రాం ఆగుతుంది. వాళ్ల వీధివాళ్లకోసం, ఆ చుట్టు లోపలే, అదే జాబితాను ఇంకో చుట్టు తిప్పుతుంది. పాత జాబితాలు రెండూ అడిగిన ప్రతిసారీ కొత్త గుర్తునిచ్చేవి. మూడోది రాసేటప్పుడు రుబా బద్ధకించింది. ఎక్కడిదాకా వచ్చామో జాబితానే గుర్తుపెట్టుకునేలా రాసి, "అదే చాల్లే" అనుకుంది. లోపలి చుట్టు చివరిదాకా వెళ్లేసరికి బయటి చుట్టు కూడా అయిపోయినట్టే. ఒప్పందం మీద సంతకం ఉంది కాబట్టి కంప్యూటర్ నోరెత్తలేదు. తప్పు ఎవరిదో ఇక వెతకక్కర్లేదు. సిగ్గేసింది. సిగ్గుపడుతూనే కూర్చుని, అడిగిన ప్రతిసారీ మొదటినుంచి మొదలయ్యే కొత్త గుర్తునిచ్చేలా మార్చింది. మూడు జాబితాలనూ చుట్టులో చుట్టు పెట్టి, ఒకటికి నాలుగుసార్లు తిప్పి చూసింది.

పన్నెండూ నలభైకి ఇవాళ్టి పేర్ల కాగితం వచ్చింది. అబూ ఘస్సాన్ కళ్లజోడు పెట్టుకుని, తన నోట్‌బుక్కుతో పేరు పేరునా పోల్చి చూశాడు. తొమ్మిదో పేరు విసాల్ హజ్జా.

"ఇకమీదా వస్తుందా?"

"ఇకమీదా వస్తుంది. ఇవాళ వ్యాన్లో నేనూ వస్తాను బాబాయ్."

"నువ్వెందుకు?"

"నేను రావాలి."

హజ్జా ఈసారి కూడా మెట్ల మీదే కూర్చుని ఉంది. వ్యానుని చూసి లేవబోయి లేవలేకపోయింది. రుబా పరుగున వెళ్లి పట్టుకుంది.

"నిన్న చాలాసేపు ఎదురుచూశానే తల్లీ," అంది హజ్జా ఆయాసపడుతూ. "నా పేరు దేవుడే కొట్టేశాడేమో అనుకున్నా."

రుబా ఆమె చేతిసంచీ అందుకుంది. "దేవుడు కాదు అమ్మమ్మా. నేనే."

హజ్జా ఆమె భుజం మీద చెయ్యేసి బరువంతా మోపింది. "అయితే గట్టిగా పట్టుకో," అని మొదటి మెట్టు దిగింది.