అక్క తరఫున

బట్టలు కుట్టే అక్కకు పుట్టుకతోనే చెవులు వినపడవు, మాటలూ రావు. చిన్నప్పుడు బడిలో సైగల భాష నేర్చుకుంది గానీ ఇంట్లో ఎవరికీ అది పట్టలేదు. ఎక్కడికెళ్ళినా ఆమె తరఫున తమ్ముడే మాట్లాడేవాడు. తల్లి పోయాక, అక్కకూ వాటా ఉన్న ఇల్లు ఆమె తరఫున అమ్మడానికి కోర్టు అనుమతి అడిగిందీ అతనే.

ఈమధ్యే ఒక విదేశీ సంస్థ సాయంతో ఆ చిన్న కోర్టుకు సైగలు తెలిసిన దుబాసీ వచ్చింది.

“మా అక్కకి ఇష్టమేనండీ. మా ఇంట్లో రెండు మాటలుండవు,” అన్నాడు తమ్ముడు.

“ఆవిడనే చెప్పనివ్వండి,” అన్నారు జడ్జిగారు.

దుబాసీ చేతులతో అడిగింది. అక్క అలవాటుకొద్దీ ముందు తమ్ముడి వైపు చూసింది. తర్వాత ఆమె చేతులు కదిలాయి, మొదట తడబడుతూ, ఆపైన ఆగకుండా.

“ఇష్టం లేదంటున్నారండీ. వీధి గదిలో కుట్టుకుని బతుకుతున్నారట. అదొక్కటి వదిలేసి మిగతాది అమ్ముకోమంటున్నారు.”

తమ్ముడు బిత్తరపోయాడు. “ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నాతో అనలేదే!”

“చాలాసార్లు చెప్పారట. మీరు తలూపి వెళ్ళిపోయేవారట.”

వీధి గది అక్కకే ఉండేలా జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చారు.

బయట మెట్ల మీద తమ్ముడు దుబాసీని ఆపాడు. “నా మీద కోపంగా ఉందేమో, కాస్త అడిగిపెట్టండమ్మా.”

అక్క నవ్వి, చేత్తో ఏదో చెప్పింది.

“ఆకలిగా ఉందట. ముందు పదమంటున్నారు.”

తమ్ముడు ఆ సైగ తనూ చేయబోయాడు. వేళ్ళు కుదరలేదు. అక్క అతని చెయ్యి పట్టుకుని సరిచేసింది.