గుమ్మం దాటే సీను

సీరియల్లో నా మొగుడు నన్ను కొడతాడు. నేను ఏడ్చి, కళ్లు తుడుచుకుని, వాడికి భోజనం వడ్డిస్తాను. ఇదీ నా ఉద్యోగం. ఆ మొగుడి వేషం వేసేవాడు బొద్దింకను చూస్తే కుర్చీ ఎక్కే రకం, అది వేరే సంగతి.

మా వీధి చివర కూరగాయలమ్మే అమ్మాయి ఒకరోజు తూకం ఆపి నా చెయ్యి పట్టుకుంది. ఆమె కంటి కింద కమిలిపోయి ఉంది.

"అక్కా, మీ ఆయన ఎప్పుడు మారతాడు?"

"ఏ ఆయన?"

"సీరియల్లో ఆయనే. మీలాగే నేనూ ఓర్చుకుంటున్నా. మీ ఆయన మారితే మా ఆయనా మారతాడు."

నాకు ఒళ్లు మండిపోయింది. "నాకసలు పెళ్లే కాలేదు తల్లీ! వాణ్ని మార్చేది నేను కాదు, రచయిత. మీ ఇంట్లో ఏ రచయిత ఉన్నాడు? ముందు అక్కణ్నుంచి బయటపడు!"

ఆమె నవ్వేసింది. "ఊరుకోండక్కా. పైకి అలాగే అంటారు. మీ మనసు నాకు తెలీదా?" అంటూ గుప్పెడు పచ్చిమిర్చి కొసరు వేసింది.

ఎంత మొత్తుకున్నా నా మాట చెవికెక్కించుకోలేదు. టీవీలో మనిషి చెబితేనే వినేలా ఉంది. సరే, ఆ టీవీ మనిషి చేతే చెప్పిస్తాననుకున్నాను.

ఆ రోజు సీనులో చెంపదెబ్బ తిని వాడి కాళ్లు పట్టుకోవాలి. దెబ్బ తిన్నాను. సంచీ సర్దుకుని గుమ్మం దాటేశాను.

"కట్! ఇదేంటి మేడమ్?" దర్శకుడు నెత్తి పట్టుకున్నాడు.

"వెళ్లిపోతున్నాను. ఇదే వెయ్యండి."

"జనం ఊరుకోరండీ. పోనీ, బయటికెళ్లాక లారీ గుద్దేస్తుంది. సరేనా?"

"లారీ లేదు, జబ్బు లేదు, తిరిగి రావడం లేదు. కాదంటే ఇంకో టేకు చెయ్యను."

ఆ ఎపిసోడ్ ఆ సాయంత్రమే ప్రసారం కావాలి. మేకప్ గదిలో గడియ పెట్టుకుని కూర్చున్నాను. ఉద్యోగం ఊడుతుందని భయం వేయలేదా అంటే, వేసింది. అయినా లేవలేదు. నిర్మాత బెదిరించాడు, బతిమాలాడు, చివరికి వేరే దారి లేక అదే వేశారు. రేపటినుంచి రావద్దన్నారు.

మర్నాడు పొద్దున్న వీధిలో తలా ఒక మాట అన్నారు. "బంగారంలాంటి కాపురం చెడగొట్టుకున్నావు కదమ్మా!" అని పాలాయన నిజంగానే బాధపడిపోయాడు. వీధి చివర కూరగాయల కొట్టు మూసి ఉంది. దాని ముందు బల్ల మీద ఆ అమ్మాయి, ఒళ్లో సంచీతో కూర్చుని ఉంది.

"వచ్చేశానక్కా," అంది. "కానీ మీరు గుమ్మం దాటగానే ఆపేశారు. తర్వాత ఎటెళ్లారో చూపించలేదు. ఇప్పుడు ఎటెళ్లాలి?"

ఆ సీను ఎవరూ రాయలేదు. నేనూ ఆలోచించలేదు.

"పద, మా ఇంటికి," అని సంచీ అందుకున్నాను.

రెండడుగులు వేసి ఆగిపోయింది. "మా ఆయన అక్కడికొస్తే?"

"రానియ్యి. తలుపు తీసేది నేను కదా."