శక్తిమాన్ ఆఖరి లోడు

కొయ్యూరు కొండల్లో లారీ అంటే మత్స్యరాజు శక్తిమానే. జర్మనీ కంపెనీ దగ్గర లైసెన్సు తీసుకుని, మన సైన్యం కోసం జబల్‌పూర్ ఫ్యాక్టరీలో చేసిన బండి అది. ఎక్కడెక్కడి మంచుకొండల్లోనో జవాన్లను మోసి, అక్కడ పని అయిపోయాక వేలంలో మత్స్యరాజు ఉండే నర్సీపట్నం చేరింది. దాన్ని ఇంటికి తెచ్చుకున్న రోజున మత్స్యరాజు మీసం నల్లగా ఉండేది. ఇప్పుడతను ముగ్గురు మనవరాళ్ల తాత.

కొండమీదికి తారురోడ్డు లేని కాలంలో, వానలకు గెడ్డలు పొంగితే జీపులు ఒడ్డునే ఆగిపోయేవి. శక్తిమాన్ మాత్రం నాలుగు చక్రాలతోనూ నేలను పట్టుకుని, నీళ్లను చీల్చుకుంటూ అవతలి గట్టెక్కేది. రేషను బియ్యం, బడి పైకప్పు రేకులు, పెళ్లివారు, పురిటినొప్పుల ఆడవాళ్లు, అందరూ అందులోనే. మత్స్యరాజు సంతకు వెళితే జనం లేచి చోటిచ్చేవారు.

అంత పేరున్న మనిషి మూడేళ్లుగా ఒక మాట ఎవరికీ చెప్పలేకపోతున్నాడు. ఆ బండి తోలాలంటే అతనికి భయం.

దానికి అసలు సామాన్లు దొరకడం మానేశాయి. మెకానిక్ కొండబాబు వేరే లారీల ముక్కలు తెచ్చి, అరగదీసి, అతికించి నడిపిస్తున్నాడు. ఎక్కేటప్పుడు ఫరవాలేదు. లోడుతో ఘాట్ దిగేటప్పుడే మత్స్యరాజు ప్రతి మలుపుకూ ముందే బ్రేకు తొక్కి చూసుకునేవాడు. భార్య జోగులమ్మకు కూడా ఆ సంగతి చెప్పుకోలేదు.

మొన్న చింతపండు సీజన్లో, మిట్టమధ్యాహ్నం, బస్తాల లోడుతో దిగుతున్నాడు. క్యాబిన్లో పక్కన ముసలి రాజులమ్మ, ఆమె మనవరాలు దేవి, దేవి ఒళ్లో చంటిపిల్ల. పిల్లకు టీకా వేయించాలని నర్సీపట్నం వస్తున్నారు.

రెండో మలుపు దాటాక బ్రేకు తొక్కితే కాలు నేలదాకా దిగిపోయింది. మళ్లీ తొక్కాడు. అదే దిగడం. కింద రోడ్డు మీద ఎదురుగా మేకలమంద వస్తోంది.

“దేవీ, పిల్లను గట్టిగా అదుముకో తల్లీ. అమ్మా, నువ్వు ఆ కడ్డీ పట్టుకో,” అన్నాడు. తన గొంతు అంత మామూలుగా ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు.

ఇంజను అరుస్తుండగా గేరు కిందికి వేశాడు. హ్యాండ్‌బ్రేకు లాగాడు. స్టీరింగు కొండవైపుకు తిప్పి ఎడమ చక్రాలను కాలవలోకి దించేశాడు. బండి పక్క మొత్తం మట్టిగట్టును రాసుకుంటూ పోయింది. రాళ్లు ఎగిరాయి, అద్దం పగిలింది, పైనున్న బస్తాలు రెండు కిందపడ్డాయి. మేకలు బెదిరి పొదల్లోకి దూకాయి. చివరికి శక్తిమాన్ ఒక్క కుదుపు కుదిపి, గట్టుకు ఒరిగి ఆగిపోయింది.

చంటిపిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు అంత కమ్మగా ఉంటుందని మత్స్యరాజు ఎన్నడూ అనుకోలేదు.

“ఏటైనాది నాయనా?” అంది రాజులమ్మ.

“బ్రేకు పడలేదమ్మా.” స్టీరింగు మీద తల ఆనించాడు. “నాకు భయమేసింది. ఇయ్యాల కాదు, మూడేళ్లబట్టీ భయమే.”

రాజులమ్మ అతని వంక చూసి, పళ్లులేని నోటితో పకపకా నవ్వింది. “నాకూ భయమేరా! సెప్తే నీకు సిన్నతనంగా ఉంటాదని నోరు మూసుకున్నాను. మా ఊరోళ్లందరికీ అంతే. రోడ్డు పడ్డాక బేగి ఎల్లిపోడానికి ఆటోలున్నా, నీ మొకం సూసి ఎక్కుతున్నాం.”

మత్స్యరాజుకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ వచ్చాయి.

దారినపోయే ఆటోలో వాళ్లను టీకాకు పంపించి, సాయంత్రం ఇల్లు చేరి జోగులమ్మకు జరిగింది చెప్పాడు. ఆమె అరుగు మీద కూలబడి కళ్లొత్తుకుంది.

“నువ్వు కొండెక్కినప్పుడల్లా నాను మొక్కుకోడమే సరిపోనాది. ఇంక సాలు. దాన్ని తుక్కుకిచ్చీ.”

“తుక్కుకి మనసొప్పదే.”

“అయితే దించు. ఎక్కడైనా పెట్టు. నువ్వు మాత్రం ఎక్కకు.”

కొండబాబు బండిని ఘాట్ నుంచి ఇంటికి లాగించుకొచ్చి, ఈ సంగతి ఊళ్లోని ఐటీఐలో మెకానిక్ పాఠాలు చెప్పే గౌతమి చెవిన వేశాడు. మర్నాడే ఆవిడ వచ్చింది. బండి చుట్టూ తిరిగి, ఇంజను చప్పుడు విని, “మత్స్యరాజుగారూ, మా వర్క్‌షాపుకిచ్చేయండి. చక్రాలు తీసి దిమ్మల మీద నిలబెడతాం. పిల్లలు ఇంజను విప్పి, బిగించి నేర్చుకుంటారు,” అంది.

“రోడ్డెక్కించరు కదా?”

“ఎక్కించమండీ.”

“ఘాట్‌కి అసలే వద్దు.”

“ప్రహరీ దాటదు. సరేనా?”

అంతే, తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టేశాడు. వెనకాడతాడేమోనని జోగులమ్మ పక్కనే నిలబడింది గానీ ఆ అవసరం రాలేదు.

పై వారం రాజులమ్మ మునిమనవరాలి బారసాలకు పిలుపొచ్చింది. మత్స్యరాజు, జోగులమ్మ ఆర్టీసీ బస్సెక్కారు. ఘాట్ మొదలవ్వగానే అతను కిటికీకి తల ఆనించాడు. ఆ మలుపుల్లో అతను కళ్లు మూయడం జీవితంలో అదే మొదటిసారి. కొయ్యూరులో అందరూ దిగిపోయాక, గురకపెడుతున్న మొగుణ్ణి జోగులమ్మ భుజం పట్టి కుదిపి లేపాల్సి వచ్చింది.